డెబ్బై రెండు ఓట్ల చావు

ఆ సంచిక ముగింపును జిమ్ అపారో రెండు రకాలుగా గీయాల్సి వచ్చింది. పేలిపోయిన గోదాము, పొగ, చెల్లాచెదురైన శిథిలాలు, వాటి మధ్య పిచ్చివాడిలా వెతుకుతున్న బ్యాట్‌మన్. అక్కడిదాకా కథ ఒకటే. ఆ తర్వాత ఒక రకంలో రాబిన్‌కి ఊపిరి ఉంటుంది. ఇంకో రకంలో ఉండదు. రెండు రకాల పేజీలూ న్యూయార్క్‌లోని డీసీ కామిక్స్ ఆఫీసులో సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఏది అచ్చుకు వెళ్తుందో రాసినవాడికి తెలియదు, బొమ్మలేసినవాడికి తెలియదు, సంపాదకుడికీ తెలియదు.

తేల్చాల్సింది పాఠకులు. 1988 సెప్టెంబర్ 15, 16 తేదీల్లో, దాదాపు 36 గంటల పాటు, రెండు ఫోన్ నంబర్లు తెరిచి ఉంచారు. ఒకదానికి ఫోన్ చేస్తే రాబిన్ బతకాలని ఓటు, రెండోదానికి చేస్తే చావాలని. ఫోన్‌కి యాభై సెంట్లు. ఒకరు ఒక్కసారే చేయాలన్న నియమమేమీ లేదు. గడువు ముగిశాక లెక్క చూస్తే బతకాలన్నవి 5,271. చావాలన్నవి 5,343.

తేడా 72. వచ్చిన మొత్తం ఓట్లలో అది నూటికి ఒక్కటి కూడా కాదు. ముప్ఫై ఏడు ఫోన్లు ఇటు కాకుండా అటు వెళ్ళి ఉంటే కుర్రాడు బతికిపోయేవాడు.

సూపర్‌హీరో కామిక్స్ చరిత్రలో పాఠకుల అభిప్రాయం గురించి ఎవరు మాట్లాడినా ఈ బ్యాట్‌మన్ 428వ సంచిక దగ్గరికే వస్తారు. పాఠకులకు ఇంత అధికారం ముందెప్పుడూ దక్కలేదంటారు. నాకు మాత్రం ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు నుంచీ ఈ పుస్తకాల్లో పాఠకులు మాట్లాడుతూనే ఉన్నారు. మొదటిసారి వాళ్ళను మాట్లాడనివ్వకుండా లెక్కపెట్టింది ఆ రెండు రోజుల్లోనే.

ఎవరీ కుర్రాడు?

రాబిన్ అంటే మనలో చాలామందికి ఒక్కడే. ఎర్ర చొక్కా, పసుపు కేపు, ఆకుపచ్చ నిక్కరు. కానీ అది పేరు కాదు, పదవి. 1940లో డిటెక్టివ్ కామిక్స్ 38వ సంచికలో వచ్చిన మొదటి రాబిన్ డిక్ గ్రేసన్. సర్కస్ పిల్లవాడు, అమ్మానాన్నల్ని పోగొట్టుకుని బ్యాట్‌మన్ నీడకు చేరినవాడు. నలభై ఏళ్ళ పైచిలుకు కుర్రాడిగానే ఉండి, చివరికి పెద్దవాడై, 1984లో నైట్‌వింగ్ అనే కొత్త పేరుతో సొంత కాపురం పెట్టాడు.

ఖాళీ అయిన ఆ దుస్తుల్లోకి వచ్చినవాడు జేసన్ టాడ్. 1983లో జెర్రీ కాన్వే అతన్ని సృష్టించినప్పుడు అతనూ సర్కస్ పిల్లవాడే, అతని అమ్మానాన్నలూ హత్యకు గురైనవాళ్ళే. పెద్దబ్బాయి చొక్కా చిన్నబ్బాయికి తొడిగినట్టు కథ మొత్తం తొడిగారు. పాఠకులకు ఇది పెద్దగా రుచించలేదు. 1987లో మాక్స్ ఆలన్ కాలిన్స్ 408వ సంచికలో అతని పుట్టుపూర్వోత్తరాలు మళ్ళీ మొదటి నుంచి రాశాడు. ఈసారి జేసన్ గోథమ్ నగరంలో దిక్కూమొక్కూ లేని వీధి కుర్రాడు. బ్యాట్‌మన్ కారు సందులో ఆగి ఉంటే దాని చక్రాలు విప్పుకుపోతూ దొరికిపోతాడు. నన్నడిగితే ఆ ఒక్క దృశ్యానికే ఈ పిల్లవాణ్ణి క్షమించవచ్చు. బ్యాట్‌మన్ బండికే టైర్లు లేపేసే గుండె ఇంకెవడికుంది?

కానీ తర్వాతి నెలల్లో రచయిత మారాడు. జిమ్ స్టార్లిన్‌కి రాబిన్ అన్న ఆలోచనే గిట్టదు. రాత్రిపూట నల్ల బట్టల్లో దాక్కుంటూ తిరిగే మనిషి పక్కన రంగురంగుల బట్టల్లో ఓ పిల్లవాణ్ణి నిలబెట్టి తుపాకుల ముందుకు పంపడం ఏం న్యాయమని ఆయన వాదన. అందులో తప్పేమీ లేదు. అయితే ఆయన కలం కింద జేసన్ మాట విననివాడు, ముక్కోపి, చేయి ముందుండేవాడు అయ్యాడు. 424వ సంచికలో ఒక అమ్మాయి ఆత్మహత్యకు కారకుడైన దౌత్యాధికారి కొడుకు బాల్కనీ మీద నుంచి పడి చనిపోతాడు. పైన నిలబడి ఉన్నది రాబిన్. తోశాడా, వాడే జారాడా? బ్యాట్‌మన్ అడుగుతాడు. తేలే సమాధానం రాదు. రచయితా తేల్చలేదు.

ఈ సంచిక బయటికి వచ్చిన కొద్ది నెలలకే ఓటింగ్. అంటే ప్రాసిక్యూషన్ వాదన అంతా కోర్టు ముందు పెట్టి, డిఫెన్స్ లాయరును పిలవకుండానే తీర్పు అడిగినట్టు. డీసీలో ఒకప్పుడు ఎయిడ్స్ మీద కథ చేద్దామని, ఏ పాత్రకు జబ్బు రావాలో చీటీలు వేయమన్నారనీ, తాను జేసన్ పేరు మీద చాలా చీటీలు వేశాననీ స్టార్లినే తర్వాత చెప్పుకున్నాడు. దాచుకునే మనిషి కాదు.

లాబ్‌స్టర్ చెప్పిన ఉపాయం

ఫోన్ ఓటు ఆలోచన సంపాదకుడు డెనిస్ ఓనీల్‌ది. అది ఆయనకు పుట్టించింది ఓ లాబ్‌స్టర్.

1982 ఏప్రిల్‌లో అమెరికా టీవీ హాస్య కార్యక్రమం ‘సాటర్‌డే నైట్ లైవ్’లో ఎడ్డీ మర్ఫీ ఓ బతికున్న లాబ్‌స్టర్‌ని చేత పట్టుకుని వచ్చాడు. దాని పేరు లారీ. ఉడకబెట్టమంటారా, వదిలేయమంటారా, ఫోన్ చేసి చెప్పండి అన్నాడు. అరగంటో గంటో నడిచిన ఆ వేళాకోళానికి నాలుగున్నర లక్షల పైచిలుకు ఫోన్లు వచ్చాయి. లారీ కొద్ది తేడాతో గట్టెక్కింది. తర్వాతి వారం మర్ఫీ దాన్ని ఉడకబెట్టే పట్టుకొచ్చాడు, అది వేరే సంగతి.

ఈ తమాషా ఓనీల్ మనసులో ఉండిపోయింది. డీసీ పెద్దలందరూ ఓచోట కూర్చుని మంతనాలాడుతున్నప్పుడు బయటపెడితే కంపెనీ అధ్యక్షురాలు జెనెట్ కాన్ ఉత్సాహపడింది. ఇంత పెద్ద ఆయుధాన్ని ఏదో చిల్లర పాత్ర మీద వృథా చేయకూడదనుకున్నారు. జనానికి తెలిసిన పేరు కావాలి, కానీ అభిమానులు ఎటూ తేల్చుకోలేని పాత్ర కావాలి. జేసన్ టాడ్ అచ్చంగా సరిపోయాడు.

కథ పేరు ‘ఎ డెత్ ఇన్ ద ఫ్యామిలీ’. జేసన్ తన కన్నతల్లిని వెతుక్కుంటూ బయలుదేరతాడు. బేరూత్ మీదుగా కరువు కాలపు ఇథియోపియాకు చేరి, సహాయ శిబిరంలో డాక్టరుగా ఉన్న షీలా హేవుడ్‌ని కనుక్కుంటాడు. అమ్మే. కానీ ఆమె పాత తప్పుల గుట్టు జోకర్ చేతిలో ఉంది. కొడుకును తీసుకెళ్ళి వాడికి అప్పగిస్తుంది. జోకర్ ఇనుప కడ్డీతో ఆ పిల్లవాణ్ణి కొడతాడు. అపారో ఆ దెబ్బలు చాలావరకు చూపించలేదు. కడ్డీ పైకి లేవడం, కిందికి రావడం, జోకర్ నవ్వు. చూపించనందుకే ఎక్కువ భయం. తల్లీకొడుకుల్ని గోదాములో బంధించి, టైం బాంబు పెట్టి వెళ్ళిపోతాడు. దెబ్బలు తిన్న కొడుకే తల్లి కట్లు విప్పుతాడు. తలుపు దగ్గరికి పాకుతారు. తాళం. 427వ సంచిక పేలుడుతో ముగుస్తుంది. పుస్తకం మూసేలోపు ప్రకటన: జోకర్ పగకు రాబిన్ చనిపోబోతున్నాడు, మీరొక ఫోన్ చేస్తే ఆపగలరు, ఇవిగో నంబర్లు.

ప్రకటనలో మర్యాద అంతా కాపాడడం గురించే. కానీ నంబర్లు మాత్రం రెండు ఇచ్చారు.

జీతం లేని రచయితలు

ఈ ఫోన్ల ముందు ఏముండేదో చెప్పకపోతే ఏం పోయిందో తెలియదు. అందుకు వెనక్కి వెళ్ళాలి.

ఈ కథను ఇవాళ మనం చదివేది పుస్తకంగా కుట్టిన సంపుటిలో. అందులో కథ తప్ప ఇంకేమీ ఉండదు. కానీ ఎప్పుడైనా హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత ఇంజనీరింగ్ గైడ్ల కింద నలిగిన ఓ అమెరికన్ కామిక్ విడి సంచిక దొరికితే చివరి పేజీలు తిప్పి చూడండి. బొమ్మలు ఆగిపోయి, చీమల్లాంటి అక్షరాలు కనిపిస్తాయి. పాఠకుల ఉత్తరాలు. నాకు అలా దొరికిన ఒకటి రెండు సంచికల్లో కథల కంటే ఆ పేజీలే ఎక్కువసార్లు చదివాను. ఏ ఊరివాడో తెలియని పిల్లవాడు, రెండు నెలల కిందటి సంచికలో హీరో కుడిచేతి గాయం ఎడమచేతికి ఎలా మారిందని నిలదీస్తుంటాడు.

ఈ పేజీల పుట్టుక వెనక సాహిత్య ప్రేమ కంటే పోస్టాఫీసు ఎక్కువ ఉంది. పత్రికలకు దక్కే తపాలా రాయితీ దక్కాలంటే కామిక్ పుస్తకంలోనూ కొంత వచనం ఉండాలి. అందుకని 1940లలో ప్రతి పుస్తకంలో ఎవరూ చదవని రెండు పేజీల కథ ఒకటి ఇరికించేవారు. పందొమ్మిదేళ్ళైనా నిండని స్టాన్ లీ పేరు మొదట అచ్చయింది అలాంటి కథ కిందే, 1941లో కెప్టెన్ అమెరికా మూడో సంచికలో. తర్వాత్తర్వాత సంపాదకులకు తెలివొచ్చింది. పాఠకుల ఉత్తరాలు వేస్తే వచనమూ నిండుతుంది, రాసినవాడికి డబ్బూ ఇవ్వక్కర్లేదు. 1958లో సూపర్‌మన్ పుస్తకంలో ఉత్తరాల పేజీ మొదలైంది. 1962లో డీసీకి పోటీ కంపెనీ మార్వెల్‌లో సంపాదకుడైన స్టాన్ లీ తన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మూడో సంచికలో పెట్టాడు. అప్పటికింకా చాలినన్ని ఉత్తరాలు లేవేమో, అందులో ఒకటి ఆ కంపెనీకే పనిచేసే సోల్ బ్రాడ్‌స్కీ పేరుతోనే కనిపిస్తుంది.

కానీ కొద్దికాలంలోనే బస్తాలొచ్చాయి. ‘ఎడిటర్ గారికి’ అని రాయొద్దు, ‘స్టాన్‌కి, జాక్‌కి’ అని పేర్లతో రాయండని లీ చెప్పాడు. బొమ్మలేసే జాక్ కిర్బీ కూడా పిల్లలకు ఇంటి మనిషైపోయాడు. తప్పు పట్టుకోవడం కాదు, ఆ తప్పు నిజానికి తప్పెందుకు కాదో వివరించి రాసినవాడికి ‘నో ప్రైజ్’ అని ఓ బహుమతి పెట్టాడు. కవరు వస్తుంది. పైన అభినందనలుంటాయి. లోపల ఏమీ ఉండదు. బహుమతి కవర్లోంచి జారిపోయిందేమోనని మళ్ళీ ఉత్తరం రాసిన అమాయకులూ ఉన్నారు.

చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీకి పోస్టుకార్డు రాసి, పై నెల సంచిక కోసం పోస్టుమ్యాన్ దారి కాసినవాళ్ళకు ఈ ఆత్రం వేరే చెప్పనక్కర్లేదు. మన వారపత్రికలు ఇళ్ళను ఏలిన రోజుల్లోనూ, సీరియల్ నాయికకు దగ్గు మొదలైతే చాలు, ఆమెను చంపొద్దని సంపాదకుడి బల్ల మీద ఇన్‌లాండ్ కవర్లు గుట్టపడేవి.

డీసీలో సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఇంకో పని చేశాడు. ఉత్తరం రాసినవాళ్ళ చిరునామా మొత్తం అచ్చు వేశాడు. ఆయన కుర్రతనంలో సైన్స్ ఫిక్షన్ పత్రికలు అలాగే వేసేవి, వాటి ద్వారానే ఆయనకు స్నేహితులు దొరికారు. ఫలితం ఏమైందంటే, ఒక ఊళ్ళో తానొక్కడే ఈ పిచ్చివాణ్ణనుకున్న పిల్లవాడికి ఇంకో రాష్ట్రంలో తనలాంటివాడి అడ్రసు దొరికింది. వాళ్ళు ఒకరికొకరు రాసుకున్నారు. 1961లో జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్ కలిసి ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమానుల పత్రిక తెచ్చారు. అందులో రాయ్ థామస్ నాలుగేళ్ళకే మార్వెల్ ఆఫీసులో చేరి, స్టాన్ లీ తర్వాత ప్రధాన సంపాదకుడయ్యాడు. 1963 నవంబర్ తేదీ వేసిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 20వ సంచికలో తెగ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పద్నాలుగేళ్ళ కుర్రాడి పేరు జార్జ్ మార్టిన్. పాత్రల్ని దయాదాక్షిణ్యం లేకుండా చంపుతాడని ఇవాళ లోకమంతా తిట్టుకునే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత ఆయనే. పిట్స్‌బర్గ్‌లో పదమూడేళ్ళ జిమ్ షూటర్ ఉత్తరంతో ఆగకుండా ఏకంగా కథే రాసి పంపాడు. డీసీ కొనుక్కుంది. తర్వాత ఆ పిల్లవాడే మార్వెల్‌కి ప్రధాన సంపాదకుడయ్యాడు.

ఉత్తరం అంటే అభిప్రాయం ఒక్కటే కాదు, కారణం కూడా. నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో చెప్పాలి, చెప్పకపోతే అచ్చు కాదు.

అందుకు మంచి ఉదాహరణ ఇంకో చావు. 1973 జూన్ తేదీ వేసిన అమేజింగ్ స్పైడర్‌మన్ 121వ సంచికలో గ్రీన్ గాబ్లిన్ స్పైడర్‌మన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీద నుంచి తోసేస్తాడు. స్పైడర్‌మన్ సాలెదారం విసిరి ఆమె కాలు పట్టుకుంటాడు. పైకి లాగుతాడు, గెలిచాననుకుంటాడు. ఆమె చనిపోయి ఉంటుంది. రాసింది జెర్రీ కాన్వే, అంటే పదేళ్ళ తర్వాత జేసన్‌ని సృష్టించబోయే మనిషే. గిల్ కేన్ గీసిన ఆ బొమ్మలో, గ్వెన్ మెడ పక్కన చిన్న అక్షరాల్లో ‘స్నాప్’ అని ఒక చప్పుడు ఉంది. పటుక్కుమన్న చప్పుడు.

పాఠకులు కోపంతో ఊగిపోయారు. స్టాన్ లీ కాలేజీల్లో ఉపన్యాసాలకు వెళ్తే విద్యార్థులు అక్కడే నిలదీశారు. ఆయన, నేను ఊళ్ళో లేనప్పుడు చేశారని తప్పుకున్నాడు. కానీ ఉత్తరాలు తిట్లతో ఆగలేదు. ఆ చప్పుడును పట్టుకున్నాయి. పడడం వల్లే చనిపోయిందని గాబ్లిన్ అంటాడు సరే, మరి ఆ చప్పుడేమిటి? దారం హఠాత్తుగా ఆపడంతో మెడ విరిగిందా? అంటే కాపాడబోయినవాడే చంపాడా? చివరికి 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులు ఒప్పుకున్నారు: అవును, ఒక్కసారిగా ఆగిన కుదుపుకే ఆమె మెడ విరిగింది. కథలో ఏ పాత్రా పలకని ఆ నిజం బయటపడింది ఉత్తరాల పేజీలో. స్పైడర్‌మన్ మోయబోయే భారమంతా అక్కడుంది. పాఠకులు అడగకపోయి ఉంటే ఆ చప్పుడు ఓ చిన్న అక్షరాల ముక్కగానే మిగిలిపోయేది.

డెనిస్ ఓనీల్ ఈ లోకంలో నుంచి వచ్చినవాడే. మిస్సోరీలో చిన్న ఊరి పత్రికకు విలేకరిగా ఉండి కామిక్స్ మళ్ళీ పుంజుకుంటున్నాయని రాస్తే, అది చూసి అదే రాష్ట్రపువాడైన రాయ్ థామస్ పలకరించాడు. అలా మార్వెల్ ద్వారా ఈ వృత్తిలోకి వచ్చాడు. 1971లో ఓనీల్, నీల్ ఆడమ్స్ కలిసి చేసిన ‘గ్రీన్ లాంటర్న్’ 85వ సంచికలో గ్రీన్ యారో చేరదీసిన కుర్రాడు స్పీడీ హెరాయిన్‌కి బానిసై కనిపిస్తాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. తర్వాతి సంచికలో అచ్చయిన ఉత్తరం న్యూయార్క్ నగర మేయర్ జాన్ లిండ్సేది. పిల్లలు పెన్సిలుతో రాసే పేజీలో ఓ మేయర్ సంతకం.

అంటే ఉత్తరం బరువెంతో ఓనీల్‌కి తెలుసు. అందుకే 1988లో ఆయన ఆ రెండు ఫోన్ నంబర్ల వైపు ఎందుకు వెళ్ళాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఎవడి ఓటు? ఎన్ని ఓట్లు?

మొత్తం 10,614 ఫోన్లు. యాభై సెంట్ల చొప్పున లెక్కేస్తే 5,307 డాలర్లు. అది 10,614 మంది అభిప్రాయమా? చెప్పలేం. జేబులో డబ్బుంటే ఒక్కడే వందసార్లు చేయవచ్చు.

ఎవరో ఒకాయన కంప్యూటర్‌కి ఫోన్ తగిలించి, తొంభై సెకన్లకోసారి చావాలన్న నంబరుకే మోగేలా ఎనిమిది గంటలు నడిపాడని తనకు తెలిసిందని ఓనీల్ తర్వాత చాలాచోట్ల చెప్పాడు. రుజువు లేదు, విన్నమాటే. కానీ లెక్క కట్టండి. ఎనిమిది గంటల్లో 320 ఫోన్లు. ఖర్చు 160 డాలర్లు. తేడా 72. ఈ మాట నిజమైతే రాబిన్‌ని చంపింది జోకరూ కాదు, పాఠకులూ కాదు, ఒక్క మనిషి ఫోన్ బిల్లు.

అబద్ధమైనా అసలు విషయం మారదు. ఫోన్ చేసినవాళ్ళలో పాత్ర నచ్చక చంపమన్నవాళ్ళున్నారు. నిజంగా చంపుతారా చూద్దామని చేసినవాళ్ళూ ఉండి ఉంటారు. కథ ఎటు పోతే గొప్పగా ఉంటుందో ఆలోచించి, జేసన్ మీద ప్రేమతోనే చావు వైపు నొక్కినవాళ్ళూ ఉండవచ్చు. అలాంటి పాఠకుడు ఉత్తరం రాసి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆ తీగలో కారణం ప్రయాణించదు. అన్నీ కలిసి 5,343 అయ్యాయి. గుంపులో గోవింద.

1988 చివర్లో 428వ సంచిక వచ్చింది. శిథిలాల మధ్య నుంచి బ్యాట్‌మన్ కుర్రాణ్ణి చేతుల మీద ఎత్తుకుని వస్తాడు. తల్లి ప్రాణం పోయేముందు, తనను కాపాడబోయే జేసన్ అడ్డం పడ్డాడని చెబుతుంది. ఆ సంచిక మంచిది. మైక్ మిన్యోలా ముఖచిత్రంతో సహా. ఆ తర్వాతి సంచికలో మాత్రం జోకర్‌ని ఇరాన్ తన రాయబారిగా ఐక్యరాజ్య సమితికి పంపుతుంది, నియమించేది సాక్షాత్తూ ఖొమేనీ. ఆ కాలపు అమెరికా ధోరణికి తగ్గ ఆలోచన. ఇవాళ చదివితే తల పట్టుకోవాలి.

వార్త పత్రికలకెక్కింది, టీవీలకెక్కింది. అప్పుడొచ్చింది అసలు ప్రజాభిప్రాయం. ఫోన్ చేసినవాళ్ళకు చచ్చిపోతున్నది రెండో రాబిన్ అని తెలుసు. దేశానికి తెలియదు. చిన్నప్పుడు టీవీలో చూసిన, తమ పిల్లల పైజమాల మీద ఉన్న రాబిన్‌నే చంపేశారనుకున్నారు. ఓనీల్ ఆఫీసు ఫోన్ ఆగకుండా మోగింది. బండబూతులు తిట్టినవాళ్ళున్నారు. మనవడికి రాబినంటే ప్రాణం, వాడికేం చెప్పమంటారని ఏడ్చిన అమ్మమ్మలున్నారు. తాను సంపాదకుణ్ణి మాత్రమే అనుకున్నాననీ, నిజానికి ఒక జానపద గాథకు కాపలాదారునని ఆ రోజుల్లో అర్థమైందనీ ఓనీల్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ అమ్మమ్మల కోసం ఎవరూ ఫోన్ నంబరు తెరవలేదు. వాళ్ళు తామే వెతికి చేశారు.

రచయితల లోకమూ మెచ్చలేదు. ఫ్రాంక్ మిల్లర్ ఈ ఓటింగును బాహాటంగానే ఈసడించాడు. తమాషా ఏమిటంటే, రెండేళ్ళ ముందే, 1986లో, ఆయన రాసిన ‘ద డార్క్ నైట్ రిటర్న్స్’లోనే జేసన్ చనిపోయినట్టు ఉంది. ముసలివాడైన బ్యాట్‌మన్ ఆ పేరు తలుచుకుని కుంగిపోతాడు. చంపడం మిల్లర్‌కీ అభ్యంతరం కాదు. అడిగి చంపడమే.

స్టార్లిన్ మీద ఇంకో వైపు నుంచి దెబ్బ పడింది. రాబిన్ బొమ్మతో లంచ్ బాక్సులూ దుస్తులూ అమ్ముకునే విభాగం మండిపడిందనీ, ఆలోచన అందరిదైనా నింద తన నెత్తిన పడిందనీ, కొద్దికాలంలోనే తనకు డీసీలో పని లేకుండా పోయిందనీ ఆయన చెప్పాడు. ఓటేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. రాసినవాడి పేరు మాత్రం పుస్తకంలోనే ఉంది.

ఉత్తరం రాసినట్టే వచ్చిన మూడోవాడు

రాబిన్ లేని బ్యాట్‌మన్ ఎక్కువ కాలం నడవలేదు. 1989లో మార్వ్ వుల్ఫ్‌మన్ టిమ్ డ్రేక్ అనే పిల్లవాణ్ణి తెచ్చాడు. ఇతని రాక గమనించదగ్గది. చిన్నప్పుడు సర్కస్‌లో గ్రేసన్ కుటుంబాన్ని చూసినవాడు. టీవీలో రాబిన్ వేసిన ఓ పల్టీ చూసి, ఇది ఆ సర్కస్ పిల్లవాడు తప్ప ఇంకొకరు వేయలేరని గుర్తుపట్టి, అక్కణ్ణుంచి తీగ లాగి బ్యాట్‌మన్ ఎవరో కనిపెట్టేశాడు. పేపరు కత్తిరింపులు దాచుకున్నాడు. జేసన్ పోయాక బ్యాట్‌మన్ రోజురోజుకీ క్రూరంగా మారుతున్నాడని గమనించి, ఆ ఇంటి తలుపు తట్టి చెప్పాడు: మీకు రాబిన్ కావాలి, ఎందుకంటే...

ఆ ‘ఎందుకంటే’ దగ్గర నేనెప్పుడూ ఆగుతాను. టిమ్ డ్రేక్ ఉత్తరాల పేజీలోంచి లేచి నడుచుకుంటూ కథలోకి వచ్చిన పాఠకుడు. పాత సంచికలన్నీ కంఠతా వచ్చు, తప్పు ఎక్కడుందో పట్టుకుంటాడు, కారణం చెబుతాడు. వుల్ఫ్‌మన్ కూడా కుర్రతనంలో అభిమానుల పత్రికలు నడిపినవాడే. అలాంటివాణ్ణి ఎలా రాయాలో ఆయనకు తెలుసు. టిమ్‌ని పాఠకులు అక్కున చేర్చుకున్నారు. ఈసారి ఎవరూ ఓటు అడగలేదు.

జేసన్ సంగతి? ఈ పుస్తకాల్లో చచ్చినవాళ్ళు చచ్చినట్టు ఉండరు గానీ, జేసన్ మాత్రం చాలాకాలం ఉన్నాడు. గుహలో గాజు పెట్టెలో అతని ఖాళీ దుస్తులు. 2005లో జడ్ వినిక్ అతన్ని రెడ్ హుడ్‌గా వెనక్కి తెచ్చాడు. ఎలా బతికాడంటే, ఇంకో లోకపు సూపర్‌బాయ్ ఒకడు కోపంతో వాస్తవం గోడల్ని పిడికిళ్ళతో గుద్దితే కాలం చెదిరి ఇతను సమాధిలో కళ్ళు తెరిచాడట. ఈ వివరణకు స్టాన్ లీ ఖాళీ కవరు కూడా ఇచ్చేవాడు కాదు. కానీ తిరిగొచ్చిన జేసన్ బ్యాట్‌మన్‌ని వేసే ప్రశ్న మాత్రం గట్టిది. నన్ను కాపాడలేకపోయినందుకు కోపం లేదు. నన్ను చంపినవాడు ఇంకా ఎందుకు బతికున్నాడు? పాఠకులు ఎన్నో ఏళ్ళుగా రాస్తూ వచ్చిన ప్రశ్నే అది. ఒకప్పుడు చాలని వాళ్ళు తోసేసిన పాత్ర ఇప్పుడు డీసీలో ఎక్కువ అభిమానులున్న వాటిలో ఒకటి.

ఈ మధ్యలో ఉత్తరాల పేజీలు సన్నగిల్లాయి. 2002లో డీసీ తన పుస్తకాలన్నింటిలోనూ వాటిని ఎత్తేసింది. తపాలా రాయితీ అవసరం ఎప్పుడో తగ్గింది. మాట్లాడుకోవడానికి జనానికి వేరే చోట్లు దొరికాయి. అక్కడ రాసినదానికి జవాబు రాసే సంపాదకుడు లేడు, చిరునామా అచ్చు వేసే ష్వార్ట్జ్ లేడు. 2020లో ఈ కథనే యానిమేషన్ సినిమాగా చేసి, రాబిన్ బతకాలో వద్దో చూసేవాళ్ళే రిమోట్‌తో ఎంచుకునేలా పెట్టారు. ఎవడింట్లో వాడి రాబిన్. ఎవడితోనూ వాదించే పని లేదు. ఓనీల్ దాన్ని చూడలేదు. ఆ సినిమా రావడానికి నాలుగు నెలల ముందు, జూన్‌లో, ఆయన కన్నుమూశాడు.

ఓడిపోయిన ఆ 5,271 ఫోన్ల కోసం గీసిన పేజీలు సొరుగులోనే ఉండిపోయాయి. ఒకటి రెండు బొమ్మలు అప్పుడప్పుడు బయటికి పొక్కేవి. 2023 డిసెంబర్‌లో డీసీ ఆ 428వ సంచికను మరో ముగింపుతో, పాత పుస్తకం ఎలా ఉండేదో అలాగే, ‘రాబిన్ లివ్స్’ అని పైన రాసి అచ్చు వేసింది. ముప్ఫై అయిదేళ్ళు ఆలస్యంగా. అందులో బ్యాట్‌మన్ శిథిలాల మధ్య వంగి చూస్తే కుర్రాడికి ఊపిరి తగులుతుంది. బ్యాట్‌మన్ ముఖంలో ఆ నమ్మలేనితనాన్ని జిమ్ అపారో ఎంత శ్రద్ధగా గీశాడో ఆ పేజీలో చూడవచ్చు. అచ్చవుతుందో లేదో తెలియని పని మీద కూడా ఆయన చేయి తేలిక చేయలేదు. ఆయన 2005 జూలైలో పోయాడు, జేసన్ కథలో తిరిగొచ్చిన ఏడాదే.